ఘాట్‌లో ఆగిన జీపు: ఇంజన్ దించే ముందు ఒక్క సీసాడు డీజిల్ పట్టి చూడండి

విడవలూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

"మాది 2003 మోడల్ డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్. చెరువుల మీదికి దాంట్లోనే తిరుగుతాను. పోయిన నెల ఇంట్లోవాళ్లను ఎక్కించుకొని కావలి, కందుకూరు, మార్కాపురం మీదుగా శ్రీశైలం బయలుదేరాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే పికప్ తగ్గింది. రెండు కిలోమీటర్లు జర్కులు ఇస్తూ వచ్చి మలుపు దగ్గర ఆగిపోయింది. భయంతో బ్రేకు నాలుగైదు సార్లు తొక్కాను, రాయిలా అయిపోయింది. బండి వెనక్కి జారుతుంటే హ్యాండ్ బ్రేకు లాగాను, మా అబ్బాయి దూకి టైరు కింద రాయి పెట్టాడు. అరగంట తర్వాత సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఇంటికొచ్చాక ఇంకో రెండు సార్లు ఇలాగే ఆగింది. ఒక షెడ్డులో ఇంజన్ పోయింది, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) చేయించాలన్నారు. ఇంకో షెడ్డులో డీజిల్ పంపు మార్చాలన్నారు. మావాడు అమ్మేయమంటున్నాడు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఆయిల్ తాగదు. డీజిల్ మాత్రం చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల జనరేటర్ కోసం గట్టు మీద పెట్టిన డ్రమ్ముల్లోంచి పోస్తాను. ఏం చేయమంటారు?"

అన్నా, ముందు ఆ పిల్లవాడి సంగతి చెప్పాలి, బండి సంగతి తర్వాత. వెనక్కి జారుతున్న బండి టైరు కింద రాయి పెట్టడానికి దూకాడంటే చదువుతుంటేనే నాకు గుండె ఆగినంత పనైంది. ఇంకోసారి అలా జరిగితే, బండి పూర్తిగా నిలబడేదాకా ఎవరినీ దాని వెనక్కి వెళ్లనివ్వొద్దు. బండిని ఆపే పని మీ కాలిది, మీ చేతిది. రాయి పని ఆ తర్వాత.

బ్రేకు ఎందుకు రాయిలా అయిందో తెలిస్తే ఇంకెప్పుడూ నాలుగైదు సార్లు తొక్కరు. డీజిల్ బండ్లలో బ్రేకు తేలిగ్గా పడటానికి వ్యాక్యూమ్ కావాలి, దాన్ని తయారు చేసే చిన్న పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది. మన పాత బండ్లలో చాలావాటికి అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఇంజన్ ఆగాక బూస్టర్‌లో, అంటే మీ తొక్కుడుకు బలం కలిపే డబ్బాలో, ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా వ్యాక్యూమే మిగులుతుంది. కాలు తీసి మళ్లీ తొక్కిన ప్రతిసారీ అది ఖర్చయిపోతుంది. అందుకని ఒకటే తొక్కు, గట్టిగా, తొక్కి అలాగే పట్టుకోవాలి, రెండో చేత్తో హ్యాండ్ బ్రేకు లాగాలి. వ్యాక్యూమ్ అంతా అయిపోయినా బ్రేకు పూర్తిగా చచ్చిపోదు, ఒంటి బరువంతా వేసి తొక్కితే పడుతుంది. తాళం మాత్రం వెనక్కి తిప్పి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడిందంటే ఆ మలుపులో ఇక ఎటూ తిప్పలేరు.

మీరు ఎక్కుతుండగా ఆగింది కాబట్టి బతికిపోయారు. ఇదే దిగుతుండగా ఆగితే చేయాల్సింది వేరు, చాలామంది తప్పు చేసేది అక్కడే. దిగుడులో ఇంజన్ ఆగిందని క్లచ్ తొక్కొద్దు, న్యూట్రల్ చేయొద్దు. గేరులోనే ఉంచితే టైర్లే ఇంజన్‌ను తిప్పుతాయి, ఇంజన్ తిరిగితే వ్యాక్యూమ్ పంపూ తిరుగుతుంది, పవర్ స్టీరింగ్ పంపూ తిరుగుతుంది, పైగా ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది. డీజిల్ అందక ఆగిన ఇంజన్ దిగుడులో మీకు బ్రేకులాగే పనిచేస్తుంది, గేరు తీసేస్తే ఆ సాయమంతా పోతుంది. ఇంజన్ పట్టేసి టైర్లు జారుతుంటే మాత్రం క్లచ్ తొక్కక తప్పదు, కానీ అది చాలా అరుదు.

బండి నిలబడ్డాక రాయి పెట్టడం మంచిదే. కదిలేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పడేయడం మర్చిపోకండి. నల్లమల ఘాట్లలో మలుపు మలుపుకీ ఎవరో వదిలేసిన రాళ్లు కనపడతాయి, రాత్రిపూట బైకు మీద వచ్చేవాడికి అవి కనపడవు. ఇంట్లోవాళ్లను బండిలో కూర్చోబెట్టొద్దు, రోడ్డు వారగా గోడ అవతలికో, బండికి బాగా పైకో పంపండి. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి వెళ్లే బస్సుల వాళ్లకు చెప్పి పంపడమే దారి. అదే మన నెల్లూరు – ఒంగోలు హైవే మీదైతే 1033కి ఫోన్ చేయండి, హైవే వాళ్ల నంబరు అది, క్రేన్ పంపుతారు.

మీది ఫోర్ వీల్ కాబట్టి ఇంకో ఉపాయం ఉంది. మలుపులోనో రైలు గేటు మీదో ఆగిపోయి నెట్టేవాళ్లు లేరనుకోండి, గేరు పక్కనుండే చిన్న లివర్‌ను లో రేంజ్‌లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరులో) వేసి, ఒకటో గేరు వేసి, క్లచ్ తొక్కకుండా సెల్ఫ్ కొడితే మోటరు బలంతోనే బండి నత్తలా కదిలి నాలుగైదు గజాలు పక్కకు వస్తుంది. ఐదారు సెకన్లు కొట్టి ఆపాలి, మోటరు కాలిపోకుండా కాస్త ఆగి మళ్లీ కొట్టాలి. ముందుగా న్యూట్రల్‌లో సెల్ఫ్ మామూలుగా తిరుగుతోందని చూసుకున్నాకే ఈ పని చేయాలి. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడే కొత్త బండ్లలో ఇది కుదరదు. అలాగే ఆ చిన్న లివర్ న్యూట్రల్‌లో ఉంటే, పెద్ద గేరు వేసి ఉన్నా బండి వదులుగానే ఉంటుంది, గేరు పట్టుకుంటుందిలే అని ఎత్తులో దిగి వెళ్లిపోతే బండి మీ వెనకే వస్తుంది. క్రేన్ వాడు ముందు టైర్లో వెనక టైర్లో మాత్రమే లేపి లాగేటట్టయితే ఫోర్ వీల్ తీసేశారా లేదా అని మీరే చూసుకోండి, వాళ్లు అడగరు.

ఇక అసలు రోగం.

ఇంజన్ ఎలా ఆగింది అన్నదాంట్లోనే సగం జవాబు ఉంటుంది. లైటు స్విచ్ ఆపినట్టు ఒక్క దెబ్బకు, ఏ జర్కూ లేకుండా ఆగితే నేను ముందు కరెంటు వైపు చూస్తాను. చాలా డీజిల్ పంపుల మీద బొటనవేలంత సోలెనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఉంటుంది, తాళం తిప్పినప్పుడు దానికి 12 వోల్టులు అందుతాయి, అందినంతసేపే డీజిల్‌కు దారి ఉంటుంది. ఆ వైరు ఊడినా అరిగినా దారి మూసుకుపోతుంది. నాకు 2011లో కనిగిరి నుంచి పామూరు వెళ్తుంటే జరిగింది ఇదే. ఒక షెడ్డులో హెడ్ దించారు, రెండు వారాలు బండి అక్కడే పడి ఉంది, 18,000 కట్టాను, తెచ్చుకున్న మూడో రోజే మళ్లీ ఆగింది. చివరికి దొరికింది, ఆ సోలెనాయిడ్ వైరు ఒక బ్రాకెట్ అంచుకు రాసుకొని పైన ప్లాస్టిక్ పోయి, బండి ఎగిరినప్పుడల్లా బాడీకి తగులుతోంది. జానెడు వైరు మార్చాం, అంతే. ఇంజన్ మీద చెయ్యేసే ముందు ఇంకేమేం చూడాలో అప్పటినుంచే నేర్చుకున్నాను, అందుకే మీకింత పొడుగ్గా రాస్తున్నాను.

మీది అలా ఆగలేదు. పికప్ తగ్గింది, జర్కులు ఇచ్చింది, ఎత్తులో లోడు పడ్డాక ఆగింది, అరగంట ఊరుకుంటే మళ్లీ లేచింది. ఇది ఇంజన్‌కు డీజిల్ అందకపోవడం. బోరు అరిగిన ఇంజన్ అరగంట రెస్టు ఇస్తే బాగుపడదన్నా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కు లేస్తోంది, ఆయిల్ తాగట్లేదు అని మీరే రాశారు. అరిగిన ఇంజన్ ముందు ఇబ్బంది పెట్టేది ఆ రెండు చోట్లే. కావాలంటే ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి, పొయ్యి ఊదినట్టు బుస్సు బుస్సున పొగ తన్నకపోతే బోరు మాట మర్చిపోండి.

నా అనుమానం మీ డీజిల్ ట్యాంకు మీద, అంతకంటే ముందు గట్టు మీది డ్రమ్ము మీద. చెరువుల దగ్గర డ్రమ్ములు నిలబెట్టి ఉంచుతాం కదా, పైన చుట్టూ అంచు లేచి ఉండటం వల్ల డ్రమ్ము నెత్తి పళ్లెంలా ఉంటుంది, వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకు డ్రమ్ము వేడెక్కి లోపలి గాలి కొంత బయటికి పోతుంది, సాయంత్రం చల్లబడగానే లోపలికి పీల్చుకుంటుంది, బిరడా ఎంత బిగించినా మరల సందుల్లోంచి ఆ పళ్లెంలో నీళ్లనే పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలిలో తేమ ఎలాగూ ఉంది, సగం ఖాళీగా ఉన్న డ్రమ్ము లోపలి గోడలకు అది చెమటలా పడుతుంది. నీళ్లు బరువు కాబట్టి అడుక్కు చేరతాయి. నీళ్లకు, డీజిల్‌కు మధ్య ఆ హద్దు దగ్గర సూక్ష్మజీవులు పెరిగి పాచి కడుతుంది. దాన్నే మీరు పైపు పెట్టి లాగి జీపులో పోస్తున్నారు.

ట్యాంకు అడుగున పైపు మూతికి చిన్న జాలీ ఉంటుంది. మెల్లగా పోతున్నప్పుడు ఇబ్బంది లేదు. ఎత్తు ఎక్కుతూ యాక్సిలేటర్ తొక్కగానే డీజిల్ ఎక్కువ లాగుతుంది, ఆ లాగుడుకు పాచి వచ్చి జాలీకి అతుక్కుంటుంది, జామ కాయ రసం స్ట్రాతో తాగుతుంటే గుజ్జు అడ్డం పడుతుందే, అలాగ. ఇంజన్ ఆగిపోగానే లాగుడు ఆగుతుంది, పాచి మెల్లగా ఊడి కిందికి జారుతుంది. అరగంటకు దారి తెరుచుకుంటుంది, మీరు సెల్ఫ్ కొడతారు, ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మీ ఉత్తరంలో ప్రతి మాటా దీనికి సరిపోతోంది.

ఊరికే నా మాట నమ్మక్కర్లేదు, రేపు పొద్దున మీరే చూడండి. రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక, స్టార్ట్ చేయకముందే, డీజిల్ ఫిల్టర్ అడుగున ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ కింద ఒక ఖాళీ నీళ్ల సీసా పెట్టి స్క్రూ వదులు చేయండి. రానంటే పైన గాలి తీసే స్క్రూ కొంచెం తిప్పితే వస్తుంది. సీసాలో పావు వంతు పట్టి గోడ మీద పెట్టి పది నిమిషాలు కదిలించకండి. మంచి డీజిల్ అయితే సీసా అవతల పెట్టిన పేపరు మీద అక్షరాలు కనపడేంత తేటగా ఉంటుంది. నీళ్లుంటే అడుగున గాజు గోళీల్లా చేరి, సీసా వంచినప్పుడు విడిగా దొర్లుతాయి. వాటి పైన నల్లటి తెట్టు, టీ పొడి నానినట్టు ఉండే రేకులు కనపడితే అదే పాచి. డ్రమ్ము అడుగు నుంచి కూడా ఇంకో సీసా పట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

సీసా తేటగా ఉంటే? అప్పుడు ట్యాంకు మూత చూడాలి. ట్యాంకులోంచి డీజిల్ తగ్గినకొద్దీ గాలి లోపలికి పోవాలి, ఆ చిన్న రంధ్రం దుమ్ముతో మూసుకుపోయినా మీ లక్షణాలే వస్తాయి. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే ఉస్సుమని గాలి లోపలికి లాక్కున్న శబ్దం వస్తుంది, ఆ వెంటనే బండి స్టార్ట్ అవుతుంది. ఇంకొకటి రబ్బరు పైపులు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు, అంటే ఫీడ్ పంపు, దాకా ఉన్న పైపులో డీజిల్ నెట్టుకు రాదు, పంపు లాక్కుంటే వస్తుంది, అందుకని పైపు పగిలినా డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. కారట్లేదు కాబట్టి లీకు లేదు అని షెడ్డులో అంటే ఒప్పుకోవద్దు. జానెడు తెల్ల ప్లాస్టిక్ పైపు, డీజిల్‌కు తట్టుకునేది, ఫీడ్ పంపు ముందు తాత్కాలికంగా పెట్టమనండి, బుడగలు వస్తుంటే కళ్లకే కనపడతాయి.

అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంకోటి ఉంది. ట్యాంకు పైపు తీసేసి, బంకులో పట్టించిన 5 లీటర్ల మంచి డీజిల్ క్యానులోంచి నేరుగా ఫీడ్ పంపుకు పైపు ఇవ్వాలి, రిటర్న్ పైపు కూడా ఆ క్యానులోకే. ఫ్యానుకు, సైలెన్సర్ వేడికి దూరంగా క్యాను గట్టిగా కట్టి, షెడ్డులో నిలబెట్టే అరగంట రేస్ చేయాలి. క్యానుతో బాగా నడిచి ట్యాంకుతో ఇబ్బంది పెడితే ఇక వాదన లేదు, పంపూ బాగుంది, ఇంజనూ బాగుంది. ఈ పరీక్ష చేయకుండా పంపు దించుతానన్నవాడికి బండి ఇవ్వొద్దు. నీళ్లు కలిసిన డీజిల్ ఇలాగే పోస్తూ పోతే మాత్రం పంపు నిజంగానే పోతుంది, ఎందుకంటే ఆ పంపుల్లో చాలావాటికి లోపల డీజిలే నూనె, నీళ్లొస్తే తుప్పు పడుతుంది. అంచేత ఆలస్యం చేయకండి.

పాచే అని తేలితే ట్యాంకు దించి కడిగించండి. నీళ్లతో కాదు, మంచి డీజిల్‌తో. జాలీ తీసి చూడండి, పైపుల్లోకి ట్యాంకు వైపుగా గాలి కొట్టించండి, ఫిల్టర్లు కొత్తవి వేయించండి, రబ్బరు పైపులు, రాగి వాషర్లు కూడా ఒకేసారి మార్చేయండి. ట్యాంకులో మిగిలిన పాచి కొన్నాళ్లు వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ఫిల్టర్లను నెల తిరక్కముందే ఇంకోసారి మార్చాలి.

ఫిల్టర్ మార్చాక ఎయిర్ పట్టడం మామూలే, కంగారుపడి బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. ఫిల్టర్ మీద గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి గట్టి ధార వస్తుంది, అప్పుడు బిగించాలి. అయినా లేవకపోతే నాజిళ్ల (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) పైపు నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టి అక్కడా గాలి తీస్తారు. ఇది మీలాంటి పాత పంపు బండ్లకే. కామన్ రైల్ బండి (కంప్యూటర్‌తో నడిచే కొత్త తరం డీజిల్ ఇంజన్) ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ నట్ల జోలికి పోవద్దు. ఆ పైపుల్లో ప్రెషర్ 1000 బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మంలోకి దిగిందంటే చెయ్యి తీసేయాల్సి రావచ్చు.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోందని, అసలు పొగే లేకపోతే చేరట్లేదని. ఈ ఒక్క గుర్తు తెలిస్తే ఫోన్‌లో కూడా మెకానిక్ మీకు సరిగ్గా చెప్పగలడు. సెల్ఫ్ టక్‌మని ఇంజన్ అసలు కదలకపోతే మాత్రం దారి వేరు, ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూసి, అవి బాగుంటే ఇంజన్ ముందుండే క్రాంక్ పుల్లీకి పానా పెట్టి చేత్తో తిప్పి చూడమనండి. తిరిగితే ఇంజన్ పట్టేయలేదు.

కార్తీకంలో వానలకు గుండ్లకమ్మ, మన్నేరు పొంగి రోడ్ల మీదికి వచ్చినప్పుడు నీళ్లలో ఆగిన బండికి మాత్రం ఇవేవీ పనికిరావు. గాలి పైపు గుండా సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే ఒక్క సెల్ఫ్‌కే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నెట్టి స్టార్ట్ చేయడమూ వద్దు. లాక్కొచ్చి, నాజిళ్లు తీసి నీళ్లు వెళ్లగొట్టాకే తిప్పాలి.

డ్రమ్ముల విషయం. పడుకోబెట్టండి, కుదరకపోతే ఒక పక్క చెక్క పెట్టి వంచి నిలబెట్టండి, నీళ్లు చేరే పల్లం బిరడాలకు దూరంగా ఉండాలి. పైన రేకు వేయండి. పైపు అడుగుదాకా దించొద్దు, జానెడు పైనుంచి లాగండి, ఆ అడుగు డీజిల్ జనరేటర్‌కు కూడా వద్దు, రాత్రిపూట ఏరేటర్లు ఆగితే రొయ్య సంగతి మీకు నేను చెప్పాలా. జీపుకు మాత్రం ఇక నుంచి బంకులోనే కొట్టించండి, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచితే తేమ పట్టే ఖాళీ ఉండదు.

మీ అబ్బాయి అమ్మేయమనడం బండి మీద కోపంతో అనుకోను, ఆ రోజు వెనక్కి జారిన భయంతో. వాణ్ని తప్పుపట్టకండి. సీసా పట్టేటప్పుడు వాణ్నే పక్కన కూర్చోబెట్టుకోండి, ఏం జరిగిందో కళ్లతో చూస్తే తర్వాత ఉంచాలో అమ్మాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు. పనంతా అయ్యాక నేరుగా శ్రీశైలం వద్దు. ఇంట్లోవాళ్లు లేకుండా, పగటిపూట, మీరిద్దరే రాపూరు – చిట్వేలు ఘాట్ ఒకసారి ఎక్కి దిగి రండి, ఎక్కేటప్పుడు కావాలనే యాక్సిలేటర్ బాగా తొక్కండి, ఆగేదైతే అక్కడే ఆగుతుంది. మర్నాడు పొద్దున ఫిల్టర్ కింద మళ్లీ సీసా పెట్టి పట్టి, ఏం కనపడిందో నాకు రాయండి.